ఎముక అతికినా అత్తగారు వంటింట్లోకి రావడం లేదు

పాఠకుల ప్రశ్నలు – డాక్టరు సమాధానాలు

ఈ నెల వచ్చిన ఉత్తరాలలో చాలా భాగం ఒడిశాలోని పర్లాకిమిడి, బరంపురం, గుణుపురం, రాయగడ వైపు ఉన్న తెలుగు కుటుంబాల నుంచి వచ్చాయి. ఊళ్లు వేరైనా అడిగిన విషయం దాదాపు ఒక్కటే: పెద్దవయసు స్త్రీలకు చిన్నపాటి దెబ్బకే ఎముక విరగడం, ఆ తరువాత వారి రోజులు గడవడం కష్టం కావడం. అందుచేత ఈసారి శీర్షికను ఈ విషయానికే కేటాయించాము. రాసినవారి పేర్లు ప్రచురించడం లేదు.

ప్రశ్న: మా అత్తగారికి 72 ఏళ్లు. కార్తీకమాసంలో ఒకరోజు తెల్లవారుజామున నూతిగట్టు దగ్గర పాచి మీద కాలు జారి పడ్డారు. ఎడమ తుంటి దగ్గర ఎముక విరిగితే బరంపురం తీసుకువెళ్లి ఆపరేషన్ చేయించాము. లోపల రాడ్డు వేశారు. ఏడు నెలలయింది. ఎముక చక్కగా అతికిందని ఎక్స్‌రే చూసి చెప్పారు. అయినా ఆవిడ వాకర్ పట్టుకుని గది గుమ్మం దాకా వచ్చి ఆగిపోతున్నారు. ఇంటిల్లిపాదికీ వండిపెట్టిన మనిషి వంటింటి వైపు చూడడం లేదు. మంచినీళ్లు కూడా సరిగా తాగడం లేదు. ఇది వయసు వల్లనేనా? మా వల్ల ఏదైనా లోపం జరిగిందా?
– ఒక కోడలు, పర్లాకిమిడి

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో నన్ను ముందుగా ఆపినది నీళ్ల సంగతి. మీరు దానిని చివర చేర్చారు గాని, నా అనుభవంలో అసలు చిక్కు తరచు అక్కడే ఉంటుంది. తుంటి విరిగిన స్త్రీలలో చాలామంది నీళ్లు తగ్గించేది దాహం లేక కాదు, మరుగుదొడ్డికి వెళ్లవలసి వస్తుందని. నేల మీది దొడ్డిలో గొంతుక్కూర్చోలేరు, కోడలినో కొడుకునో పట్టుకోమని అడగడానికి మనసొప్పదు, రాత్రిపూట పెరడు దాటి వెళ్లాలంటే మళ్లీ పడతానన్న భయం. దాంతో సాయంత్రం నుంచి నోరు కట్టుకుంటారు. తరువాత మలబద్ధకం, మూత్రంలో మంట, నీరసం, లేచి నిలబడగానే కళ్లు తిరగడం వరుసగా వస్తాయి. ఆ కళ్లు తిరగడమే రెండోసారి పడడానికి దారి తీయవచ్చు.

కనుక ముందు ఒక కమోడ్ కుర్చీ కొనండి, లేదా మధ్యలో కన్నం ఉన్న బలమైన చెక్క కుర్చీ వడ్రంగి చేత చేయించండి. కూర్చునే ఎత్తు ఆవిడ మోకాలి కంటే కొంచెం పైకి ఉండాలి, రెండు పక్కలా చేతులు ఉండాలి. రాత్రి దానిని మంచం పక్కనే ఉంచి, చిన్న దీపం వెలుగుతూ ఉండేలా చూడండి. ఇది మందుల చీటీలో ఎవరూ రాయరు గాని, ఎన్నో మాత్రల కంటే ఎక్కువ పని చేస్తుంది.

వయసు వల్లనేనా అన్నారు. వయసు ఒక్కటే కారణమైతే కార్తీకమాసానికి ముందు కూడా ఆవిడ ఇలాగే ఉండాలి కదా. తుంటి విరిగిన తరువాత మునుపటి స్థితికి పూర్తిగా రావడం కష్టమన్న మాట నిజమే. అంతర్జాతీయ లెక్కల ప్రకారం విరిగిన మొదటి ఏడాదిలోనే దాదాపు 20 శాతం మంది చనిపోతున్నారు. బతికినవారిలో ఏడాది గడిచాక కూడా సుమారు 40 శాతం మంది ఒంటరిగా నడవలేకపోతున్నారు. ఇవి ఎక్కువగా పాశ్చాత్య దేశాల అంకెలు, అంటే ఆపరేషన్ తరువాత వ్యాయామం చేయించే మనుషులు ఉన్న చోట తీసినవి. ఆ సదుపాయం అరుదుగా ఉన్న మన వైపు, ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చాక ఏం చేయాలో చెప్పేవారే ఉండరు. డిశ్చార్జి కాగితం ఇంగ్లీషులో ఉంటుంది, వ్యాయామం చేయించే అబ్బాయి ఒడియాలో చెబుతాడు, పెద్దావిడ సగం అర్థం చేసుకుని తల ఊపుతుంది. లోపం ఎవరిదని అడిగితే నేను మీ ఇంటి వైపు వేలు చూపను.

జీవన నాణ్యతను కొలవడానికి అనేక దేశాలలో వాడే ఒక ప్రశ్నావళిలో ఐదు విషయాలు ఉంటాయి: నడక, ఒంటి పనులు, రోజువారీ వ్యాపకాలు, నొప్పి, దిగులు. మంచి ప్రశ్నలే, కాని మన ఆడవారి బతుకు సగం నేల మీద సాగుతుందన్న సంగతి అందులో లేదు. పీట మీద కూర్చుని కత్తిపీటతో కూర తరగడం, చాప మీద పడుకోవడం, వాకిట్లో వంగి ముగ్గు పెట్టడం, దేవుడి గూటి ముందు మోకాళ్ల మీద కూర్చోవడం ఒక్కరోజులో ఆగిపోతాయి. ఇల్లు నడిపిన మనిషికి అవి ఆగిపోవడమంటే పని తగ్గడం కాదు, పెత్తనం పోవడం. ‘నువ్వు కూర్చో అత్తయ్యా, నేను చూసుకుంటాను’ అన్న మాట ప్రేమతోనే అంటాము. అయితే మూడు నెలలు వరుసగా కంచం మంచం దగ్గరకే వస్తే, ఇక తన అవసరం లేదనే ఆవిడకు అర్థమవుతుంది.

కాబట్టి వంటింట్లో గట్టు పక్కన చేతులున్న ఎత్తైన కుర్చీ ఒకటి వేయండి. కత్తిపీట బదులు బల్ల మీద చెక్క, చాకు పెట్టి బెండకాయలో వంకాయలో ఇవ్వండి. గది నుంచి ఆ కుర్చీ దాకా ఎన్ని అడుగులో లెక్కపెట్టండి. మొదటి వారం అందులో సగం దూరం, మధ్యలో కూర్చోవడానికి మరో కుర్చీ. చేతుల మీద బరువు మోపి కుర్చీలోంచి లేచి నిలబడి మళ్లీ కూర్చోవడం ఒక్కో విడతకు ఐదుసార్లు, రోజుకు మూడు విడతలు, మొదట్లో మీరు పక్కన ఉండగా చేయించండి. తొడ కండరం బలపడనిదే భయం తగ్గదు, భయం తగ్గనిదే ఆవిడ గుమ్మం దాటరు. నేల మీద కూర్చోవడం, గొంతుక్కూర్చోవడం మటుకు ఆపరేషన్ చేసిన వైద్యుణ్ని అడగకుండా మొదలుపెట్టవద్దు. కాలు మోపినప్పుడు గజ్జలో గాని తొడలో గాని గట్టిగా నొప్పి వస్తుంటే, అతికిందన్న మాట విని ఊరుకోకుండా మళ్లీ చూపించండి. రాడ్డు, స్క్రూలు కదిలినా అలాంటి నొప్పి వస్తుంది. ఆకలి, నిద్ర పోయి ఎప్పుడూ గోడ వైపు తిరిగి పడుకుంటున్నారంటే దిగులు జబ్బుగా మారిందేమో చూడాలి. దానికీ వైద్యం ఉంది.

చివరగా మీరు అడగనిది ఒకటి. ఆవిడ డిశ్చార్జి కాగితం తీసి, ఎముకలు గుల్లబారకుండా ఏదైనా మందు రాశారేమో చూడండి. కాల్షియం మాత్ర ఆ లెక్కలోకి రాదు. నిలబడిన ఎత్తు నుంచి పడి తుంటి విరిగిందంటేనే అది బోలు ఎముకల వ్యాధి, అంటే ఆస్టియోపోరోసిస్. స్కాన్ లేకపోయినా వైద్యం మొదలుపెట్టవచ్చు. విరిగిన ఎముకకు రాడ్డు వేసి, మిగతా ఎముకలను వాటి మానాన వదిలేయడం మా వృత్తిలో ఏళ్ల తరబడి జరుగుతున్న తప్పు. ఏడాదికి ఒకసారి నరంలోకి ఎక్కించే జోలెడ్రోనిక్ ఆమ్లం అనే మందుంది. తుంటి ఆపరేషన్ అయిన మూడు నెలల లోపు దీనిని ఇచ్చి 2,127 మందిపై చేసిన అధ్యయనం 2007లో వెలువడింది. మందు తీసుకున్నవారిలో కొత్తగా ఎముకలు విరగడం 35 శాతం, మరణాలు 28 శాతం తగ్గినట్టు అందులో తేలింది. మీకు ఏడు నెలలు దాటినా ఆలస్యమైపోయిందనుకోవద్దు. ముందు రక్తంలో క్రియాటినిన్ (మూత్రపిండాల పనితీరు తెలిపేది), కాల్షియం, విటమిన్ డి చూడాలి, మూత్రపిండాలు బాగా దెబ్బతిన్నవారికి ఇది ఇవ్వకూడదు, పళ్లు తీయించవలసినవి ఉంటే ముందే తీయించుకోవాలి. మొదటిసారి ఎక్కించాక రెండు మూడు రోజులు జ్వరం, ఒళ్లునొప్పులు రావచ్చు. భయపడనక్కర లేదు.

ప్రశ్న: నాకు 66 ఏళ్లు. ఎక్కడా పడలేదు. ఏడాదిన్నర కిందట నీళ్ల బిందె ఎత్తుతుంటే వీపులో కలుక్కుమని, నెల్లాళ్లు మంచం మీద ఉన్నాను. నడుము పట్టిందన్నారు. అప్పటి నుంచి మెల్లగా వంగిపోయాను. చీర కట్టుకుంటే కుచ్చెళ్లు ముందు నేలకు జీరాడుతున్నాయి, వెనక అంచు పైకి లేస్తోంది. నాలుగు ముద్దలు తినేసరికి కడుపు నిండిపోతోంది. గ్యాస్ అని మాత్రలు వాడుతున్నాను. మొన్న మా ఊరి అమ్మవారు బుడ్డీ ఠాకురాణి యాత్రకు వీధి చివరి దాకా కూడా వెళ్లలేకపోయాను.
– బరంపురం నుంచి ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, మీ చీర అంచు నిజం చెబుతోంది. అది గ్యాసు కాదు, కేవలం నడుము పట్టడమూ కాదు. మీ వెన్నుపూసలలో ఒకటో రెండో నలిగిపోయి ఉంటాయని నా అనుమానం. గుల్లబారిన వెన్నుపూస విరగడానికి పడనక్కర లేదు. బిందె ఎత్తడం, కిటికీ గట్టిగా లాగడం, ఒక్కోసారి గట్టిగా దగ్గడం కూడా చాలు. ఇటుక పగిలినట్టు రెండు ముక్కలు కాదు, ముందు వైపు అణిగి చీలిక ముక్కలా తయారవుతుంది. అలా రెండు మూడు అణిగితే వీపు ముందుకు వాలుతుంది, పక్కటెముకలు కిందకు దిగి కడుపు మీద కూర్చుంటాయి. కడుపు వెంటనే నిండినట్టుండడానికి, మెట్లెక్కితే ఆయాసం రావడానికి ఇదే కారణం. ఇలా విరిగినవాటిలో మూడింట రెండు వంతులు విరిగాయని ఎవరూ గుర్తించరు. మీరు గ్యాస్ మాత్రలు మింగినట్టే మరొకరు నొప్పి మాత్రలు మింగుతూ ఉంటారు.

ఇంట్లోనే రెండు పరీక్షలు చేసుకోవచ్చు. మడమలు, వీపు గోడకు ఆనించి, ముందుకే చూస్తూ నిలబడండి. తల వెనక భాగం గోడకు తగలకపోతే పైవెన్నులో పూసలు అణిగి ఉండవచ్చు. రెండోది: నిలబడి ఉండగా, చివరి పక్కటెముకకూ తుంటి ఎముక పై అంచుకూ మధ్య పక్క నుంచి వేళ్లు పెట్టి చూడమని ఇంట్లో ఎవరినైనా అడగండి. రెండు వేళ్లకు మించి పట్టకపోతే నడుము పూసలను అనుమానించాలి. యౌవనంలో ఉన్న ఎత్తులో నాలుగు సెంటీమీటర్లకు మించి తగ్గినా అంతే. తరువాత వెన్నుకు పక్క నుంచి తీసే మామూలు ఎక్స్‌రే చాలు, మొదట పెద్ద స్కాన్‌లు అవసరం లేదు. అయితే రాత్రి పడుకున్నా తగ్గని నొప్పి, జ్వరం, బరువు తగ్గడం, కాళ్లలో బలహీనత, మూత్రం మీద అదుపు తప్పడం వంటివి ఉంటే ఆలస్యం చేయవద్దు. మన దేశంలో వెన్నుకు క్షయ పట్టడం అరుదేమీ కాదు, ఈ వయసులో కాన్సరును కూడా మనసులో పెట్టుకోవాలి.

తొందర ఎందుకంటే, వెన్నుపూస విరిగిన స్త్రీలలో ఐదుగురిలో ఒకరికి ఆ తరువాతి ఏడాదిలోపే మరొక పూస విరుగుతుందని 2001లో వచ్చిన అధ్యయనంలో తేలింది. మందు మొదలుపెట్టండి. వారానికి ఒకసారి వేసుకునే అలెండ్రోనేట్ 70 మిల్లీగ్రాముల మాత్ర చవకైనదే గాని, పరగడుపున నిండు గ్లాసు మంచినీళ్లతో వేసుకుని, అరగంట సేపు ఏమీ తినకుండా, నడుము వాల్చకుండా ఉండాలి. టీతో వేసుకుని మళ్లీ పడుకుంటే మందు ఒంటపట్టదు సరికదా, అన్నవాహిక పుండవుతుంది. నిటారుగా కూర్చోలేనివారికి, ఛాతీలో మంట ఉన్నవారికి పై జవాబులో చెప్పిన, ఏడాదికి ఒకసారి ఎక్కించే ఇంజెక్షనే మేలు.

ఇక చీపురు. మన పొట్టి కొబ్బరి ఈనెల చీపురు గుల్లబారిన వెన్నుకు శత్రువు. నడుము వంచి, పక్కకు తిప్పుతూ ఊడవడం అణిగిన పూస మీద మరింత బరువు వేయడమే. పొడుగు కర్రకు కట్టించుకోండి, లేదా ఆ పని వదిలేయండి. కింద పడినది తీయాలంటే వీపు వంచకుండా మోకాళ్లు మడవండి. నిండు బిందె ఇక మీది కాదు, చెంబులతో మోసుకోవచ్చు. బెల్టు నొప్పి ఎక్కువగా ఉన్న మొదటి వారాలలో వాడితే చాలు, నెలల తరబడి కట్టుకుంటే వెన్ను కండరాలు మరింత సన్నబడతాయి. మరొక్క మాట: కీళ్లనొప్పులకు సంతలో పొట్లాలు కట్టి ఇచ్చే పేరులేని పొడులు ఎన్నడైనా వాడారా? అలాంటివాటిలో స్టెరాయిడ్ కలిపి ఉండడం మామూలే. ఒక్క పూటలో నొప్పి మాయమయ్యే ఆ మందు ఎముకను లోపల నుంచి తినేస్తుంది. వాడుతూ ఉంటే వైద్యునికి చెప్పండి. ఉన్నట్టుండి మానేయడమూ ప్రమాదమే.

పూర్తిగా నిటారు కాలేరు, ఆ ఆశ పెట్టను. నొప్పి తగ్గి, గోడకు చేరబడి వీపు నిక్కించే వ్యాయామం అలవాటైతే, వచ్చే యాత్రనాటికి వీధి చివర కుర్చీ వేయించుకుని ఘటాలు చూడడం అసాధ్యం కాదు.

ప్రశ్న: మా అక్కకు 58 ఏళ్లు. వానలో జారి చెయ్యి ఊనితే మణికట్టు విరిగింది. పిండికట్టు వేశారు, ఆరు వారాలకు విప్పారు. ఇప్పుడు రొట్టెలు కూడా చేస్తోంది. అయినా ఎముకల సాంద్రత పరీక్ష చేయించమంటున్నారు. అవసరమా? మా ఊళ్లో ఉచిత శిబిరంలో మడమకు మిషను పెట్టి చూశారు, అది చాలదా?
– గుణుపురం

జవాబు: అవసరమే. మణికట్టు విరిగినవారిలో చాలామంది ఏడాది తిరిగేసరికి మునుపటిలా పని చేసుకుంటారు, వెన్ను, తుంటి విషయంలో అలా జరగదు. అందుకే దానిని మరిచిపోతారు, నాకు కోపం వచ్చేదీ అక్కడే. ముట్లుడిగిన తరువాతి ఐదారేళ్లలో ఎముక వేగంగా కరుగుతుంది. మీ అక్కగారిది సరిగ్గా ఆ తరువాతి వయసు. ఇప్పుడు తెలుసుకుంటే తుంటిని కాపాడుకోవచ్చు. మడమ మిషను వ్యాధిని నిర్ధారించదు. నడుము, తుంటి మీద ఎముక సాంద్రతను ఎక్స్‌రేతో కొలిచే డెక్సా స్కాన్ కావాలి. అందులో టి-స్కోరు, అంటే యౌవనంలోని ఎముకతో పోల్చి ఇచ్చే అంకె, మైనస్ 2.5 లేదా అంతకంటే తక్కువ ఉంటే బోలు ఎముకలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1994లో నిర్ణయించింది. విశాఖపట్నంలో చేయించుకోవచ్చు. ఆ ఒక్క పనికి ప్రయాణం కట్టుకునే బదులు మరేదైనా పని మీద వెళ్లినప్పుడు చేయించినా నష్టం లేదు, ఆ ‘మరేదైనా పని’ ఏడాది వాయిదా పడకుండా ఉంటే.

ప్రశ్న: రోజూ చోడి అంబలి తాగుతూ కాల్షియం మాత్ర వేసుకుంటే సరిపోదా? మందులెందుకు?
– రాయగడ

జవాబు: చోళ్లన్నా, మీ చుట్టుపక్కల అనే మాండియా అన్నా ఒకటే ధాన్యం. ఒడిశా ప్రభుత్వం 2017లో చిరుధాన్యాల కార్యక్రమం ప్రారంభించిన జిల్లాలలో మీదీ ఒకటి. వంద గ్రాముల చోడిపిండిలో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. అయితే ఒక లోటా అంబలిలో పడేది ఇరవై గ్రాముల పిండి అనుకుంటే 70 మిల్లీగ్రాములే. ముట్లుడిగిన స్త్రీకి రోజుకు 1,200 మిల్లీగ్రాములు కావాలని మన భారత వైద్య పరిశోధన మండలి 2020లో చెప్పింది. అంబలితో పాటు పాలు, పెరుగు, మునగాకు, నువ్వులు, ముల్లుతో తినే చిన్న చేపలు కలిస్తేనే అంత దూరం వెళ్లగలం. తక్కువైనది మాత్రతో పూరించాలి. విటమిన్ డి 60,000 యూనిట్ల పొట్లం వారానికి ఒకటని రాస్తే, బలానికి మంచిదని రోజూ తాగినవారిని నేను చూశాను, అది విషం. ఇదంతా చేసినా, ఒకసారి విరిగిన తరువాత ఆహారం ఒక్కటే చాలదు. ఇటుకలు తెచ్చి పోసినంత మాత్రాన గోడ లేవదు, మేస్త్రీ కావాలి.

ప్రశ్న: మా అమ్మమ్మకు 81 ఏళ్లు. నిన్న రాత్రి మంచం దిగుతూ పడింది. తుంటి విరిగిందన్నారు. ఈ వయసులో ఆపరేషన్ వద్దు, కాలికి బరువు కట్టి పడుకోబెడదామని మా మామయ్యలు అంటున్నారు. పసరు కట్టు కట్టించమని మరికొందరు. ఏం చేయాలి?
– కోరాపుట్ జిల్లా

జవాబు: ఈ ఉత్తరానికి పత్రిక వచ్చేదాకా ఆగలేదు, అందిన రోజే ఫోన్‌లో బదులిచ్చాను. ఇతరులకు పనికివస్తుందని ఇక్కడ ఇస్తున్నాను. వయసు ఎక్కువ గనుక ఆపరేషన్ వద్దనడం తిరగేసిన వాదం. వయసు ఎక్కువ గనుకనే వారాల తరబడి పడుకోబెట్టకూడదు. మంచం మీద ఉన్నవారికి వీపున పడకపుండ్లు, ఊపిరితిత్తుల్లో నెమ్ము, కాలి నరాల్లో రక్తం గడ్డకట్టడం వస్తాయి. చాలామందిని తీసుకుపోయేవి అవే. వీలైతే 48 గంటల లోపు ఆపరేషన్ చేసి, మరునాడే మంచం దింపి నిలబెట్టడం ఇప్పటి పద్ధతి. గుండె, ఊపిరి బొత్తిగా బలహీనమై మత్తుమందు తట్టుకోలేరని వైద్యులే తేల్చినవారి సంగతి వేరు. పసరు కట్టు తుంటి మీద పనిచేయదు, రుద్దితే విరిగిన మొన లోపల కండను చీలుస్తుంది.

ఇంకొకటి కూడా మీ మామయ్యలకు చెప్పమన్నాను. ఆస్ట్రేలియాలో 75 ఏళ్లు, ఆపై వయసున్న స్త్రీలను అడిగి 2000లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, తుంటి విరిగి సొంతంగా ఏమీ చేసుకోలేక సంరక్షణ కేంద్రం పాలయ్యే బతుకు కంటే చావే నయమని 80 శాతం మంది అన్నారు. మన దగ్గర సంరక్షణ కేంద్రం బదులు ఇంటి వెనక గది ఉంటుంది, అంతే తేడా. మీ అమ్మమ్మగారికి మాట తెలుస్తోంది కదా, ఆవిడను అడిగారా అని నేను అడిగాను. ఎవరూ అడగలేదట.

ఖర్చుకు: 70 ఏళ్లు దాటినవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఏటా 5 లక్షల రూపాయల దాకా ఆసుపత్రి వైద్యం అందించే ఆయుష్మాన్ వయ వందన కార్డు ఒడిశాలో 2025 నుంచి ఇస్తున్నారు, ఆధార్ ఉంటే చాలు. ఆసుపత్రి జాబితాలో ఉన్నదీ లేనిదీ బయలుదేరే ముందే ఫోన్‌లో కనుక్కోండి, ముఖ్యంగా విజయనగరం, విశాఖపట్నం వైపు వెళ్లేవారు.

బండిలోకి ఎక్కించేటప్పుడు చేతులు పట్టి లేపవద్దు. దుప్పటి కింద నుంచి దూర్చి నలుగురు కలిసి ఎత్తండి. రెండు కాళ్ల మధ్య దిండు పెట్టి, మోకాళ్ల పైన, కింద గుడ్డతో వదులుగా కట్టండి. వాడుతున్న మాత్రలన్నీ సంచిలో వేసుకెళ్లండి, రక్తం పలచబడే మాత్ర ఏదైనా ఉంటే చేరగానే చెప్పండి. కళ్లద్దాలు, వినికిడి మిషను, కట్టుడు పళ్లు ఇంట్లో మరిచిపోవద్దు. కొత్త చోట సరిగా కనబడక, వినబడక రాత్రిళ్లు మతి తప్పినట్టు మాట్లాడే పెద్దవారిని చూసి పిచ్చెక్కిందని కంగారుపడతారు. తెలుగు మాట్లాడే మనవరాలు పక్కన కూర్చుని, కళ్లద్దాలు పెట్టి, ఇది ఫలానా ఊరు, ఫలానా వారం అని చెబుతూ ఉంటే చాలావరకు సర్దుకుంటారు.